వైరస్ పోయింది, యాష్ట ఎప్పుడు పోతుంది?

(ఏర్పేడులో ఉద్యోగులు, విద్యార్థులు కలిసి జరుపుకున్న ఆరోగ్య సదస్సులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. పేరు వేయవద్దని ఆయన కోరారు. కారణం ప్రసంగంలోనే ఉంది.)



రాష్ట్రం గురించి, నీళ్ల గురించి, కొలువుల గురించి మాట్లాడేవాళ్లు నా తర్వాత ఉన్నారు. వాళ్లంత గొంతు నాకు లేదు. నాకప్పజెప్పిన విషయం హెపటైటిస్-సి. అందులోనూ వైద్యం గురించి కాదు, వైద్యం జరిగేటప్పుడు మనిషి బతుకెట్లుంటుంది, అయిపోయినాక ఎట్లుంటుంది అనేది చెప్పమన్నారు. డాక్టరును పిలవకుండా నన్నెందుకు పిలిచారంటే, నేను ఆ మందులు రెండుసార్లు తిన్నవాణ్ణి. 2005లో ఒకసారి, 2016లో ఒకసారి. నా పేరు కాగితానికి ఎక్కించొద్దని ముందే చెప్పినాను. నాకు సిగ్గు లేదు. మా తమ్ముడి కూతురికి సంబంధాలు చూస్తున్నారు. ఆ ఇంట్లో ఒకడికి లివరు జబ్బంట అనే మాట చాలు, వచ్చిన సంబంధం వెనక్కి పోతుంది. నా ఒంట్లో వైరస్ లేక తొమ్మిదేళ్లు దాటింది. అయినా ఊరి నోట్లో అది ఇంకా ఉంది.

1994లో ఇక్కడికి శ్రీకాళహస్తికి మధ్య రోడ్డు మీద నాకు ప్రమాదం జరిగింది. తొడ ఎముక విరిగింది. మూడు సీసాల రక్తం ఎక్కించారు. ఆ రక్తమే నన్ను బతికించింది, ఆ రక్తంతోనే జబ్బూ వచ్చింది. ఇందులో ఎవరినీ తిట్టడానికి లేదు. ఈ వైరస్ జాడ 1989 వరకూ ప్రపంచంలో ఎవరికీ దొరకలేదు. ఎ కాదు, బి కాదు, ఇంకేదో ఉందని మాత్రం తెలుసు. కనిపెట్టిన వాళ్లలో హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ ఇచ్చారు. మన దేశంలో రక్తం సీసాలకు ఈ పరీక్ష తప్పనిసరి చేసింది 2001లో. పరీక్ష తయారైనాక కూడా కొన్నేళ్లపాటు ఎక్కించిన రక్తం చాలావరకు పరీక్ష లేకుండానే ఎక్కింది. అందుకే చెబుతున్నా, 2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లు, కాన్పు కష్టమై రక్తం పెట్టించుకున్న మన అమ్మలు, అక్కలు ఎవరైనా ఉంటే ఒక్కసారి పరీక్ష చేయించుకోండి. జబ్బు ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు మాట్లాడకుండా కూర్చుంటుంది. నొప్పి లేదు, కామెర్లు లేవు. ఒక్క యాష్ట తప్ప ఏమీ ఉండదు. మన సీమలో యాష్ట లేనివాడెవడు? ఎండ అంటాం, వయసు అంటాం, సంసారం అంటాం. నేనూ పదేళ్లు అట్లే అనుకున్నా.

2004లో పిల్లోళ్లను వెంటబెట్టుకుని రక్తదాన శిబిరానికి పోయినా. ఆదర్శంగా ఉండాలని నేనే ముందు చెయ్యి చాపినా. వారం తర్వాత కబురొచ్చింది, మీ రక్తం పనికిరాదని. అంతకుముందు రోజు నేను బాగున్నా. ఆ మరుసటి రోజు రోగిని. ఒంట్లో ఏమీ మారలేదు. అయినా మెట్లెక్కితే ఆయాసం వచ్చింది, అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. ఇది నా పిచ్చి అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, 1999లో ఆస్ట్రేలియాలో ఇదే విషయం మీద ఒక పరిశోధన వచ్చింది. ఒకే వైరస్ ఉన్నవాళ్లలో, ఉందని తెలిసినవాళ్ల జీవన నాణ్యత తెలియనివాళ్ల కంటే తక్కువగా ఉన్నట్టు తేలింది. జబ్బు కాలేయంలో ఉంటే, దాని పేరు మాత్రం మనసులో చేరుతుందన్నమాట.

జీవన నాణ్యత అంటే గాలి మాట కాదు. దాన్ని కొలవడానికి ముప్పై ఆరు ప్రశ్నల కాగితం ఒకటుంది, ప్రపంచమంతా అదే వాడతారు. మెట్లు ఎక్కగలవా, బరువు మోయగలవా, ఒళ్లు నొప్పులతో పని ఆగిందా, దిగులుగా ఉందా, నలుగురిలోకి పోబుద్ధి అవుతోందా అని అడుగుతుంది. హెపటైటిస్-సి ఉన్నవాళ్లకు కాలేయం గట్టిపడకముందే ఈ మార్కులు తగ్గుతాయి. ఆ కాగితం మనవాళ్లు తయారుచేసి ఉంటే ఇంకోరకంగా అడిగేవాళ్లు. చెనక్కాయ కట్టె పీకగలవా? బోరింగు కొట్టి రెండు బిందెలు మోయగలవా? అలిపిరి మెట్లెక్కి కొండకు పోగలవా? నా కొలత ఆ మూడోది. పెళ్లికి ముందు నుంచి ఏటా మెట్లెక్కేవాణ్ణి. మూడువేల అయిదు వందల మెట్లు, మాట్లాడుకుంటూ పోయేవాళ్లం.

డెబ్భై రెండు సూదులు

2005లో ఈ జబ్బుకున్న మందు ఇంటర్‌ఫెరాన్ సూది, దాంతోపాటు రైబావిరిన్ బిళ్లలు. సూదిలో రెండు రకాలు. వారానికి ఒకటి వేసే పెగిలేటెడ్ రకం మంచిది, కానీ నెలకు అయ్యే ఖర్చు నా జీతానికి మూడింతలు. వారానికి మూడు వేసే మామూలు రకం చౌక. అది కూడా చౌక అయింది మనవాళ్ల పుణ్యమే. హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 2002లో ఇక్కడే తయారుచేసిన ఇంటర్‌ఫెరాన్‌ను బజారులోకి తెచ్చింది. మామూలు రకమే నాకు రాసిచ్చారు. ఇరవై నాలుగు వారాలు, వారానికి మూడు. లెక్కల మాస్టర్ని కాబట్టి మొదటి రోజే లెక్క వేసుకున్నా, డెబ్భై రెండు సూదులు.

సూది మందు చల్లగా ఉండాలి. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. తిరుపతి నుంచి థర్మాస్‌లో ఐసుగడ్డలు వేసుకుని బస్సులో తెచ్చి, మా వీధిలోని కూల్‌డ్రింకు అంగడిలో పెట్టేవాణ్ణి. ఏందయ్యా అది అని అంగడాయన అడిగితే షుగరు సూది అన్నా. ఆ ఒక్క అబద్ధం ఆరునెలలు మోయాల్సొచ్చింది. టీకి చక్కెర లేకుండా ఇచ్చేవాడు పాపం! ఇంక కరెంటు. పోయిందంటే రెండు గంటలు, మూడు గంటలు. నేను బళ్లో పాఠం చెబుతూ ఫ్యాను ఆగితే చాలు, అంగట్లో సూదులు గుర్తొచ్చేవి.

రాత్రి ఎనిమిదికి వేసుకోమన్నారు, జ్వరమొచ్చినా నిద్దట్లో పోతుందని. నిద్దరెక్కడిది? రెండు గంటలకు చలి మొదలయ్యేది. మే నెలలో, ఏర్పేడు ఎండల్లో, రెండు దుప్పట్లు కప్పుకుని వణికేవాణ్ణి. పొద్దన్నే ఒళ్లంతా ఎవరో రోకలితో దంచినట్టు. మళ్లీ బడికి. రైబావిరిన్ ఎర్రకణాలను విరగ్గొడుతుంది. నా హిమోగ్లోబిన్ పదమూడు నుంచి తొమ్మిదికి దిగింది. బోర్డు మీద రాస్తూ రాస్తూ గోడ పట్టుకుని నిలబడేవాణ్ణి. తల వెంట్రుకలు దువ్వెనకు వచ్చేవి. సంగటి, ఊరిబిండి పెడితే నోట్లో ఇనుము రుచి. పన్నెండు కేజీలు తగ్గినా. ఆ రైబావిరిన్ గురించి ఇంకోమాట, అది తినేటప్పుడు, ఆపినాక కనీసం ఆరు నెలల వరకు బిడ్డను కనకూడదు. ఆడవాళ్లు తిన్నా అంతే, మగవాళ్లు తిన్నా అంతే. కడుపులో బిడ్డకు లోపాలొస్తాయి. ఈ మందు ఇప్పటికీ కాలేయం బాగా చెడినవాళ్లకు ఇస్తారు కాబట్టి కొత్త జంటలు గుర్తుపెట్టుకోండి.

ఒంటి బాధ ఒక ఎత్తు. అసలు బాధ ఎవరూ ముందు చెప్పలేదు. ఇంటర్‌ఫెరాన్ మనసును పట్టుకుంటుంది. నాలుగో నెల నుంచి ఊరికే కోపం, ఊరికే ఏడుపు. ఇంటామె గిన్నె కింద పెట్టిన శబ్దానికి అరిచేవాణ్ణి. ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఒక పిల్లోణ్ణి కొట్టినా. వాడు చేసిన తప్పు కిటికీలోంచి చూడటం. చెయ్యి ఆగలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను అట్లా కొట్టినవాణ్ణి కాదు. వాడికి ఇంతవరకూ క్షమాపణ చెప్పలేదు, ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. ఆ రాత్రి నాకు వచ్చిన ఆలోచనలు ఈ మైకులో చెప్పేవి కావు. మా బావమరిది బలవంతాన మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయినాడు. ఆయన చెప్పినాడు, మాస్టారూ, ఇది మీ బుద్ధి కాదు, మందు చేస్తున్న పని, దీనికీ బిళ్ల ఉందని. ఆ ఒక్కమాట మొదటి సూది వేసినరోజే చెప్పి ఉంటే నేను, నా పెళ్లాం, ఆ పిల్లోడు బాగుపడేవాళ్లం.

సెలవు సంగతి ఉద్యోగులకు వేరే చెప్పక్కరలేదు. మంచంలో చేరితేనే బిల్లు, ఇంట్లో సూది వేసుకుంటే బిల్లు లేదు అన్నారు ఒక ఆఫీసులో. మూడుసార్లు ఫైలు వెనక్కొచ్చింది. ఆ ఆఫీసు పేరెందుకు, మీలో సగంమంది దాని మెట్లు ఎక్కినవాళ్లే. భూమి అమ్మలేదు గానీ, మా ఆవిడ మెడలో నల్లపూసలు మిగిలినాయి.

డెబ్భై రెండు సూదులూ వేసుకున్నా. ఆపేనాటికి వైరస్ లేదన్నారు. ఆరునెలల తర్వాత మళ్లీ వచ్చిందన్నారు. అప్పట్లో నా రకం వైరస్‌కు, అంటే మన దేశంలో ఎక్కువగా ఉండే మూడో రకానికి, నూటికి డెబ్భైమందికో ఆపైనో తగ్గేది. ఒకటో రకానికి సగం మందికే. మిగిలినవాళ్లలో నేనొకణ్ణి. వైరస్ పోలేదు గానీ ఇంటర్‌ఫెరాన్ నాకొకటి ఇచ్చిపోయింది, థైరాయిడ్ జబ్బు. ఆ బిళ్ల ఇవాళ పొద్దున కూడా వేసుకునే వచ్చినా.

ఒక్క బిళ్ల వెయ్యి డాలర్లు

పదేళ్లు ఊరుకున్నా. కొండకు బస్సులో పోయేవాణ్ణి.

2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్ అనే బిళ్లకు అనుమతి ఇచ్చారు. గిలియడ్ అనే కంపెనీది. పన్నెండు వారాలకు ఎనభై నాలుగు వేల డాలర్లు. అంటే ఒక్క బిళ్ల వెయ్యి డాలర్లు. బంగారం కూడా అంత ధర లేదు మిత్రులారా. అమెరికా వాళ్లే లబోదిబోమన్నారు. అక్కడి సెనేట్ కమిటీ విచారణ చేసింది.

మన దగ్గర ఏం జరిగింది? ఈ మందుకు ఇక్కడ పేటెంటు ఇవ్వొద్దని రోగుల తరఫువాళ్లు, హైదరాబాదు నాట్కో కంపెనీ అభ్యంతరం పెట్టినారు. గిలియడ్ 2014 సెప్టెంబరులో మన కంపెనీలకు లైసెన్సులు ఇచ్చింది, వాటిలో హైదరాబాదు హెటెరో ఉంది. 2015 జనవరిలో పేటెంటు ఆఫీసు దరఖాస్తును తోసిపుచ్చింది. తర్వాత కోర్టుకు పోయి, తిరిగొచ్చి, 2016 మేలో పేటెంటు ఇచ్చేశారు, అది వేరే కథ. ఈలోగా నాట్కో కూడా లైసెన్సు తీసుకుంది. 2015 మార్చిలో ఇరవై ఎనిమిది బిళ్లల డబ్బా 19,900 రూపాయలకు బజారులోకి వచ్చింది. మూడు డబ్బాలు అరవై వేలు. యాభై లక్షల మందు అరవై వేలకు! పోటీ పెరిగేకొద్దీ ఆ ధర కూడా పడుతూ వచ్చింది. దీన్ని కంపెనీల దయ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. కొట్లాడితే వచ్చింది. లైసెన్సు ఇచ్చిన తొంభై ఒక్క దేశాల జాబితాలో అప్పట్లో చైనా, బ్రెజిల్ లేవు. అక్కడ మనలాంటి మాస్టర్లు లేరా?

2016 ఫిబ్రవరిలో మొదలుపెట్టినా. సోఫోస్‌బువిర్ ఒకటి, డాక్లాటాస్‌విర్ ఒకటి. పొద్దున రెండు బిళ్లలు, నీళ్లు, అంతే. మొదటి రోజు రాత్రి చలిజ్వరం వస్తుందని దుప్పట్లు తీసిపెట్టుకుని కూర్చున్నా. రాలేదు. రెండోరోజూ రాలేదు. నాలుగురోజులు తలనొప్పి, అది కూడా టీ మానేసినందుకేమో. పన్నెండు వారాల్లో ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఈ కొత్త బిళ్లలతో నూటికి తొంభై అయిదుమందికి తగ్గుతుంది. అంతకంటే నాకు గొప్పగా తోచింది ఇంకొకటుంది. ఇంటర్‌ఫెరాన్ రోజుల్లో వైద్యం జరిగేటప్పుడు జీవన నాణ్యత మార్కులు పాతాళానికి పోయేవి, నయమైనాక పైకి వచ్చేవి. ఈ బిళ్లలతో వైద్యం నడుస్తుండగానే మార్కులు పెరగడం మొదలవుతుంది. దీనిమీద జోబైర్ యూనోసీ అనే డాక్టరు బృందం చాలా పరిశోధనలు చేసింది. నాకు వాళ్ల లెక్కలు అక్కరలేదు గానీ, రెండో నెలలో ఒక సాయంత్రం బడి వదిలినాక పిల్లోళ్లతో వాలీబాల్ ఆడినా. ఇంటికొచ్చేవరకూ ఆడినట్టు నాకే తెలియలేదు.

మందు ఆపిన పన్నెండు వారాలకు చేసే వైరస్ పరీక్షే అసలు పరీక్ష. అందులో లేదంటే నయమైనట్టే. నాది లేదన్నారు.

ఇంక అయిపోయిందా? కాలేదు. యాష్ట వెంటనే పోదు. కొందరికి నెలల్లో పోతుంది, కొందరికి కొంత మిగులుతుంది. నాకు ఏడాది పట్టింది. 2017 చివర్లో అలిపిరి దగ్గర మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి ఎక్కడం మొదలుపెట్టినా. గాలిగోపురం దాకా పోయినా. అక్కడ కూర్చుంటే ఇంటామె ఏడ్చింది. మిగతాది బస్సులోనే అన్నా, సరే అంది. అబద్ధం చెప్పను, ఈ రోజుకూ పూర్తిగా ఎక్కలేదు. నా వయసు అరవై ఏడు. ఎంత జబ్బో, ఎంత వయసో విడదీసి చెప్పేవాళ్లెవరు?

రెండోది, కాలేయం గట్టిపడి సిరోసిస్ దాకా పోయినవాళ్లు వైరస్ పోయినా నిశ్చింతగా ఉండకూడదు. క్యాన్సరు ముప్పు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఆరునెలలకొకసారి స్కానింగు చేయించుకోవాల్సిందే. వైరస్ పోయింది కదా అని మళ్లీ సీసా ఎత్తినవాళ్లను నేను చూసినా. వాళ్ల సంగతి ఇక్కడ చెప్పను.

మూడోది చానా ముఖ్యం, ముఖ్యంగా కువైట్, ఖతర్ పోదామనుకునే తమ్ముళ్లకు. ఈ జబ్బుకు రెండు పరీక్షలున్నాయి. మొదటిది యాంటీబాడీ పరీక్ష, వైరస్ ఎప్పుడైనా ఒంట్లోకి వచ్చిందా అని చెబుతుంది. రెండోది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, ఇప్పుడు ఉందా అని చెబుతుంది. నయమైనా మొదటిది దాదాపు జీవితాంతం పాజిటివ్ గానే వస్తుంది. దొంగ పారిపోయినాక కూడా గడపలో కాలిముద్ర ఉన్నట్టు. గల్ఫ్ దేశాల వీసా మెడికల్‌లో ఆ కాలిముద్రనే చూస్తారు. నాకు తెలిసిన కుర్రోడొకడు మందు తిని, నయమై, ఆర్‌ఎన్‌ఏ లేదన్న కాగితం చేతిలో పట్టుకుని పోతే అన్‌ఫిట్ అని ముద్ర వేసి పంపినారు. ఏజెంటుకిచ్చిన అప్పు అట్లే నిలబడింది. కడప, చిత్తూరు పల్లెల నుంచి ఇంతమంది గల్ఫుకు పోతున్నారు. నయమైనవాడిని నయమైనవాడిగా చూడమని ఆ దేశాలతో మాట్లాడే బాధ్యత మన పాలకులకు లేదా? మన కష్టం పంపే డబ్బు కావాలి, మన రక్తం మీద వేసే ముద్ర వాళ్లకు పట్టదు. తమ్ముళ్లారా, ఏజెంటుకు డబ్బు కట్టకముందే ఈ పరీక్ష చేయించుకోండి. ఇది నేను అడిగేవాళ్లకల్లా చెబుతున్నా.

ఇంట్లో పళ్లెం వేరు చేయొద్దు

ఇది కలిసి తింటే రాదు. కౌగిలించుకుంటే రాదు. ఒకే చెంబులో నీళ్లు తాగితే రాదు. తల్లిపాలతో రాదు. నా పళ్లెం, నా గ్లాసు మా ఇంట్లో రెండేళ్లు విడిగా ఉండినాయి. పెట్టింది ఇంటామె కాదు, నేనే. ఇది రక్తంతో వస్తుంది. మరగబెట్టని సూది, ఒకే బ్లేడు పదిమందికి వాడటం, పచ్చబొట్టు, జాగ్రత్త లేని డయాలసిస్. మంగలి అంగట్లో కానీ, తలనీలాలు ఇచ్చేచోట కానీ కొత్త బ్లేడు వేయమని అడగండి, తప్పేం లేదు. ప్రతి జ్వరానికీ సూది వేయమని డాక్టరును సతాయించడం మానండి. డయాలసిస్ మీదున్న వాళ్లకు ఈ బిళ్లలు ఇవ్వడానికి మొదట్లో వెనకాడేవాళ్లు. 2019లో అమెరికా మందుల సంస్థ వాళ్లకూ సోఫోస్‌బువిర్ వాడొచ్చని లేబుల్ మార్చింది. కాబట్టి మీ ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే, నీకు మందు లేదులే అని ఎవరన్నా అంటే మళ్లీ అడగండి.

ఇప్పుడు అరవై వేలు కూడా అక్కరలేదు. 2018 జులై 28న కేంద్రం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో పరీక్షా ఉచితం, మందూ ఉచితం. దానికి రెండేళ్ల ముందే 2016లో పంజాబ్ ప్రభుత్వం తన జిల్లాల్లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మందు తయారైంది మన హైదరాబాదులో, ముందు ఊరికే పంచింది పంజాబ్‌లో. ఆ రెండేళ్లలో మన దగ్గర అప్పుచేసి కొన్నవాళ్లు ఎందరో, కొనలేక పోయినవాళ్లు ఎందరో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2022 నాటికి మన దేశంలో 55 లక్షలమందికి ఈ వైరస్ ఉంది. ఉచితం అని గోడమీద రాస్తే సరిపోదు, వాళ్లలో ఎక్కువమందికి తమకు ఉన్నట్టే తెలియదు.

చీటీ వచ్చింది, టైమయిందని. పిల్లోళ్లు రాసిచ్చిన ప్రశ్నలు రెండు ఉన్నాయి, అవి చెప్పి దిగుతా. ఒకటి, గ్యాస్ బిళ్ల వేసుకుంటే ఏమన్నా అవుతుందా అని. మంచి ప్రశ్న. మనవాళ్లు గ్యాస్ బిళ్లలను చెనక్కాయల్లా తింటారు. వెల్‌పాటాస్‌విర్ ఉన్న మందు తినేవాళ్లకు అవి అడ్డం పడతాయి, మందు ఒంటికి సరిగ్గా పట్టదు. గుండెకు వాడే అమియోడరోన్‌తో కూడా ప్రమాదం ఉంది. తినే ప్రతి బిళ్లా డాక్టరుకు చూపించండి. హెపటైటిస్-బి పరీక్ష కూడా ముందే చేయించుకోండి, సి పోయేటప్పుడు బి లేచి కూర్చోవచ్చు.

రెండో చీటీ ఎవరో ఆడబిడ్డ చేతిరాత. నయమైనవాణ్ణి పెళ్లి చేసుకోవచ్చునా అని. చేసుకోవచ్చు తల్లీ. ఆర్‌ఎన్‌ఏ కాగితం అడుగు, చూపిస్తే చాలు. పేరు రాయకుండా మంచిపని చేసినావు. నేను బయట వేపచెట్టు కింద కూర్చొనుంటా, ఇంకా ఏమైనా అడగాలంటే రా.